బాంబర్ విమానంలో పోయిన మా చిన్నాయన: పేరు ఎక్కడా దొరకడం లేదు

పాకాల జంక్షన్
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఈ వేదికలో ఎప్పుడూ పాత రైళ్ళ గురించే రాస్తుంటాను. ఈసారి ఇంటి విషయం.

మా నాయనకు ఎనభై ఆరేళ్ళు. ఆయన చిన్నాయన, అంటే మా జేజినాయన తమ్ముడు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానంలో పనిచేస్తూ పోయాడు. మా ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ అనరు. ‘విమానం చిన్నాయన’ అంటారు, అంతే. మా నాయనకు గుర్తున్నది ఒక్కటే. పాకాల స్టేషన్లో రైలెక్కే ముందు ఆయన తనను భుజానికెత్తుకుని ఇంజన్ దగ్గరికి తీసుకుపోయి చూపించాడట.

మా దగ్గర మిగిలింది మద్రాసు స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఒకటి, సగం చెదలు తిన్న ఉత్తరం ఒకటి. ఉత్తరంలో ఊరి పేరు లేదు. ఇక మిగతావన్నీ మాటలే. లండన్ పోయి జర్మనీ మీద బాంబులు వేశాడని మా పెద్దత్త చెప్పేది. కాదు, సింగపూర్‌లో నేతాజీ సైన్యంలో కలిసిపోయాడని ఊళ్ళోవాళ్ళు. ఆయన తల్లి, అంటే మా ముత్తవ్వ, ఈ రెండో మాటే నమ్మింది. బతికున్నోడికి తద్దినమేందని పోట్లాడి, తాను బతికినన్నాళ్ళూ పెట్టనీయలేదు.

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ఉంటాయని విని వారంగా వెతుకుతున్నా. మా ఇంటిపేరు కొట్టినా, ఆయన పేరు కొట్టినా ఏమీ రావడం లేదు. ఒక ఆఫీసుకు రెండేళ్ళ కింద ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

వేదిక నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 10:05

చనిపోయినవారి పూర్తి పేరు, సర్వీస్ నంబరు, ఇంటి చిరునామా బహిరంగంగా పెట్టవద్దని మనవి. కావాలంటే ఒకరికొకరు విడిగా మెసేజ్ పెట్టుకోండి.

లంకాస్టర్ బాబు
ఆదివారం, రాత్రి 11:30

సార్, ఇది చాలా సులువు. జర్మనీ మీద బాంబులు అంటే రాయల్ ఎయిర్ ఫోర్స్ బాంబర్ కమాండ్. అందులో 55,573 మంది పోయారు. లంకాస్టర్ విమానంలో ఏడుగురు ఉంటారు: పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, ఇద్దరు గన్నర్లు. ఇంగ్లండ్‌లో లింకన్ అనే ఊళ్ళో ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ ఉంది. వాళ్ళ జాబితాలో అందరి పేర్లూ ఉంటాయి. అందులో చూడండి, ఐదు నిమిషాల పని.

పాకాల జంక్షన్
సోమవారం, ఉదయం 6:15

చూశాను బాబూ. రాత్రి ఒంటిగంట దాకా చూశాను. లేదు.

ఎయిర్‌మన్ రిటైర్డ్
సోమవారం, ఉదయం 7:50

ముప్పై ఏళ్ళు వైమానిక దళంలో చేసి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. లంకాస్టర్ బాబు చెప్పిన లెక్కల్లో తప్పు లేదు, కానీ ఆ జాబితా బాంబర్ కమాండ్‌ది. బర్మా యుద్ధంలో పోయినవాళ్ళు అందులో ఉండరు. మనవాళ్ళు కొద్దిమంది ఇంగ్లండ్ పోయిన మాట నిజమే. అయితే బాంబర్ అనగానే అందరూ జర్మనీ దాకా పోవడం ఎందుకు? మన సరిహద్దులోనే అప్పుడు పెద్ద యుద్ధం జరిగింది.

పెద్దవాళ్ళు చెప్పిన మాటలు పక్కన పెట్టి ముందు ఫోటో చూడు తమ్ముడూ. ఎడమ రొమ్ము మీద రెక్కల గుర్తు ఉందా? రెండు రెక్కలా, ఒకటా? దాని పక్కన గుండ్రంలో ఇంగ్లీషు అక్షరాలేమైనా ఉన్నాయా? చేతి మీద ఏముంది? వీలైతే భూతద్దం పెట్టి చూడు.

పాకాల జంక్షన్
సోమవారం, రాత్రి 8:20

అన్నా, ఒకే రెక్క. గుండ్రంలో ‘ఏజీ’ అని ఉంది. నేను ఇన్నేళ్ళూ అది ఆయన ఇనీషియల్స్ అనుకున్నా, నవ్వకండి. భుజం కింద మూడు గీతలు. వాటికి పైన పిడికిలి, అందులోంచి మెరుపులు వస్తున్నట్టు ఒక చిన్న గుర్తు. మా జేజి దాన్ని పిడుగు గుర్తు అనేది.

ఎయిర్‌మన్ రిటైర్డ్
సోమవారం, రాత్రి 9:10

ఇంకేం కావాలి? సగం పని అయిపోయింది.

రెండు రెక్కలుంటే పైలట్. ఒకే రెక్క మీద ‘ఏజీ’ ఉంటే ఎయిర్ గన్నర్. పిడికిట్లో మెరుపులు వైర్‌లెస్ వాళ్ళ గుర్తు. రెండూ ఉన్నాయి కాబట్టి మీ చిన్నాయన వైర్‌లెస్ ఆపరేటర్, ఎయిర్ గన్నర్. మూడు గీతలంటే సార్జెంట్.

ఇప్పుడు ఒక లెక్క వేస్తా. భారత వైమానిక దళంలో 1942 డిసెంబర్ 1న రెండు స్క్వాడ్రన్లు వల్టీ వెంజెన్స్ అనే విమానాలతో పుట్టాయి. ఏడో నంబరు విశాఖపట్నంలో, ఎనిమిదోది తిరుచిరాపల్లిలో. వెంజెన్స్ అమెరికా తయారీ, డైవ్ బాంబర్. అందులో ఇద్దరే. ముందు పైలట్, వెనక మీ చిన్నాయన లాంటివాడు. పదివేల అడుగుల పైనుంచి దాదాపు నిట్టనిలువుగా గురి మీదికి దూకి, బాంబు వదిలి, మళ్ళీ పైకి లేవాలి. వెనకవాడు తోక వైపు తిరిగి కూర్చుంటాడు. అంటే దూకేటప్పుడు పైలట్‌కు నేల కనిపిస్తుంది, వాడికి ఆకాశం కనిపిస్తుంది. నేల ఎంత దగ్గరికొచ్చిందో వాడికి తెలియదు. ఆ సీట్లో కూర్చోవాలంటే ముందున్నోడి మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించు.

1943 చివర, 1944 మొదట్లో బర్మా పడమటి తీరం అరకాన్‌లో, తర్వాత ఇంఫాల్ ముట్టడి నాటికి మణిపూర్ వైపు ఈ విమానాలు బాగా తిరిగాయి. 1944 నడిమిలో వాటిని పక్కన పెట్టేశారు. ఇంతకీ ఆయన ఏ సంవత్సరం పోయాడు?

పాకాల జంక్షన్
సోమవారం, రాత్రి 9:25

సరిగ్గా తెలియదు. వేసవిలో టెలిగ్రామ్ వచ్చిందని నాయన అంటాడు. ఇంట్లో మామిడికాయలు కోసి ఊరగాయకు ఆరబెట్టి ఉన్నాయట. స్టేషన్ మాస్టర్ వచ్చి చదివి చెప్పాడు. ‘కనపడుటలేదు’ అన్నాడే కానీ పోయాడని అనలేదట. ఆ ఒక్క మాటే మా ముత్తవ్వ పట్టుకుంది.

రేణిగుంట ప్యాసింజర్
సోమవారం, రాత్రి 10:40

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్‌వాళ్ళు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశారు గదా. ఆ నెలలో మద్రాసు సగం ఖాళీ. మా అవ్వ చెప్పేది, రేణిగుంటలో దిగినవాళ్ళ మూటలతో ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటు లేదని. మా ఇంట్లో మూడు కుటుంబాలు ఆరు నెలలు ఉన్నాయి. వాళ్ళు పోతూ పోతూ మా అవ్వకు ఫిల్టర్ కాఫీ అలవాటు చేసిపోయారు. అది ఇంకా వదల్లేదు.

చెప్పొచ్చేదేందంటే, ఆ ఏడాదే మన కుర్రోళ్ళు చాలామంది మిలిటరీలో చేరారు. ఒకరు దేశం కోసం, ఒకరు జీతం కోసం, ఇంకొకరు ఇంట్లో అలిగి.

ట్రెజరీ తాత
మంగళవారం, ఉదయం 5:30

చిత్తూరులో ఖజానా ఆఫీసులో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. మీరంతా విమానం దగ్గర ఆగిపోయారు. నాకు పేరు దగ్గర అనుమానం.

మనకు ఇంటిపేరు ముందు. ఇంగ్లీషువాడికి ఇంటిపేరు చివర. పైగా మన జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. అరవ పద్ధతిలో ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. భర్తీ చేసుకునే గుమాస్తా ‘సర్‌నేమ్’ అన్న గడిలో ఏం రాశాడో వాడికే తెలియాలి. ఇక స్పెల్లింగు సంగతి చెప్పనక్కర్లేదు. సుబ్రహ్మణ్యం అన్న ఒక్క పేరులో హెచ్ ఉన్నవి, లేనివి, వై బదులు ఐ రాసినవి, చివర ఎమ్ బదులు ఎన్ పెట్టినవి నా సర్వీసులో పది రకాలు చూశాను. పది మందీ పెన్షన్ కోసం నా ముందు నిలబడ్డవాళ్ళే.

కాబట్టి ఆ వెబ్‌సైట్‌లో పేరు గడి ఖాళీగా వదిలెయ్. ఏ దేశపు దళం అన్న చోట ఇండియన్ అని, ఏ శాఖ అన్న చోట ఎయిర్ ఫోర్స్ అని పెట్టు. 1943, 1944 తేదీలు ఇవ్వు. వచ్చినవన్నీ ఒక్కొక్కటిగా చదువు. తండ్రి పేరు, ఊరు కింద రాసి ఉండే అవకాశం ఉంది.

ఇంకో మాట. ఆయనకు పెళ్ళయిందా?

పాకాల జంక్షన్
మంగళవారం, రాత్రి 9:00

అయింది తాతా. ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచించాను. చిన్నవ్వది తిరుత్తణి. పెళ్ళయిన ఏడాదికే ఆయన మిలిటరీకి పోయాడు. టెలిగ్రామ్ వచ్చాక కొన్నాళ్ళు ఇక్కడే ఉండి పుట్టింటికి వెళ్ళిపోయింది. ‘నీ కాలు మంచిది కాదు’ అన్నారని కొందరు, డబ్బు దగ్గర మాటామాటా వచ్చిందని కొందరు. ఆ తర్వాత రెండిళ్ళకూ రాకపోకలు లేవు.

నువ్వు చెప్పినట్టు పేరు లేకుండా వెతికాను. తండ్రి పేరు దగ్గరగా ఉన్నవి రెండు వచ్చాయి. ఒకదాంట్లో తండ్రి పేరే ఇంటిపేరైపోయి, అసలు పేరు ఒక్క అక్షరానికి కుంచించుకుపోయింది. ఆయనేనా? ఏమో. ఊరి పేరు లేదు. ఉత్త ‘మద్రాసు’ అని ఉంది.

ట్రెజరీ తాత
బుధవారం, ఉదయం 5:20

అయితే నీ సమాధానం తిరుత్తణిలో ఉంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. ఆ తర్వాతే మద్రాసు రాష్ట్రానికి పోయింది. భర్త పోయిన మనిషికి పెన్షన్ వస్తే ఆమె పేరు మీద వస్తుంది, అత్తగారింటికి రాదు. పెన్షన్ కాగితం మీద ఆయన సర్వీస్ నంబరు ఉంటుంది. పేరు పదిసార్లు మారొచ్చు, నంబరు మారదు.

పోయి అడుగు. పళ్ళు తీసుకుని పో. ముందు కాగితం గురించి ఎత్తకు.

లంకాస్టర్ బాబు
బుధవారం, మధ్యాహ్నం 1:15

తాతా, మీ మెసేజ్ దాచుకున్నా. నేను తొందరపడి రాశాను, సారీ పాకాల అన్నా.

పాకాల జంక్షన్
19 రోజుల తర్వాత, రాత్రి 11:10

పోయొచ్చాను. రాయడానికి రెండు రోజులు పట్టింది.

చిన్నవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తమ్ముడి కొడుకు ఇంట్లో ఉన్నాడు, నాకు మామ వరస. తలుపు తీసి, నేను ఎవరినో చెప్పగానే ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి తిరిగి అరవంలో ‘పాకాలవాళ్ళు వచ్చారు’ అన్నాడు. భోజనం పెట్టారు. కాగితం మాట నేను ఎత్తలేదు, ఆయనే రేకు పెట్టె తెచ్చాడు.

పెన్షన్ కాగితం ఉంది. నంబరు ఉంది. వెబ్‌సైట్‌లో నేను అనుమానపడిన ఆ పేరు పక్కన ఉన్న నంబరు అదే. ఒక్క అంకె కూడా తేడా లేదు.

ఒక చిన్న అట్టపెట్టెలో పతకాలు, ఎప్పుడూ పెట్టుకోనివి. ఒకటి నక్షత్రం, దాని రిబ్బన్ నీలం, మధ్యలో ఎరుపు, అటూ ఇటూ నారింజ గీతలు. ఫోటో తీసి ఎయిర్‌మన్ అన్నకు విడిగా పంపాను.

ఇంకో ఉత్తరం కూడా ఉంది. ఇంగ్లీషులో టైపు చేసింది, 1950ల నాటిది. సమాధి లేనివాళ్ళ పేర్లు సింగపూర్‌లో కట్టే స్మారకం మీద చెక్కిస్తున్నామని అందులో ఉంది. అలాంటిదే ఒకటి మా పాకాల ఇంటికీ వచ్చిందట. చదివినవాడికి ఎంత ఇంగ్లీషు వచ్చో ఏమో, ‘మీవాడు సింగపూర్‌లో ఉన్నాడు’ అని చెప్పాడట. మా ఇంట్లో నేతాజీ సైన్యం మాట అక్కడినుంచి పుట్టింది. తిరుత్తణిలో వాళ్ళకు సంగతి తెలుసు. మాకు చెప్పాలని కూడా చూశారట. అప్పటికే మాటల్లేవు గదా.

ఎయిర్‌మన్ రిటైర్డ్
మరుసటి రోజు, ఉదయం 7:00

ఫోటో చూశాను తమ్ముడూ. అది బర్మా స్టార్. జర్మనీ మీద ఎగిరి ఉంటే ఎయిర్‌క్రూ యూరప్ స్టార్ వచ్చేది. మీ పెద్దత్త మాట అక్కడితో సరి.

తేదీ, స్క్వాడ్రన్ రెండూ ఇక్కడ రాయను, రాస్తే పేరు ఎవరైనా పట్టేస్తారు. స్క్వాడ్రన్లు రోజువారీ పుస్తకం రాసేవి. ఫారం 540 అంటే ఆ రోజు జరిగిందంతా, ఫారం 541 అంటే ఏ విమానం, ఎవరెవరు, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది. ఏళ్ళుగా ఆ నకళ్ళు పోగేసుకుంటున్నా. ఆ తేదీ పేజీ రాత్రి తీసి చూశాను. ఆ వరుసలో ఇద్దరి పేర్లు ఉన్నాయి. లేచిన సమయం ఉంది. దిగిన సమయం గడిలో ఏమీ లేదు.

పేజీ మీకు మెయిల్ చేశాను. నాయనకు చూపించే ముందు మీరొక్కరే చూడండి.

సింగపూర్ చిత్తూరోడు
అదే రోజు, మధ్యాహ్నం 3:30

అన్నా, నేను చిత్తూరు గిరింపేట వాణ్ణి, పదేళ్ళుగా సింగపూర్‌లో ఉద్యోగం. చప్పుడు చేయకుండా ఈ చర్చ దారం మొత్తం చదువుతున్నా. ఆ స్మారకం ఉన్న క్రాంజి మాకు రైల్లో పోయేంత దూరం. ఆదివారం పోయి ఫోటో తీసి పంపుతా. ఏ స్తంభమో వెబ్‌సైట్‌లో ఉంటుంది గదా, విడిగా చెప్పు.

సింగపూర్ చిత్తూరోడు
ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఇప్పుడే బయటికి వచ్చా. గుట్ట లాంటి చోట మెట్ల మెట్లుగా సమాధులు, అన్నిటికంటే పైన స్మారకం. పైకప్పు విమానం రెక్కలా ఉంది, మధ్యలో తోకలా ఒక స్తంభం నిలబడి ఉంది. దాని కింద పన్నెండు గోడలు. 24,000 పైచిలుకు పేర్లు. సింగపూర్‌కు జన్మలో రానివాళ్ళూ వీళ్ళలో ఉన్నారు. అస్సాంలో, బర్మాలో విమానాలు కూలి జాడ దొరకనివాళ్ళను ఇక్కడ రాశారు. స్మారకాన్ని 1957లో తెరిచారు.

పెద్దాయన పేరు నా తలకు బాగా పైన ఉంది. చేయి అందలేదు. అక్కడ తోటపని చేసే మనిషి, తమిళాయన, ఎవరికోసం వచ్చావని అడిగాడు. మా జిల్లా ఆయన అన్నా. కాసేపు ఆయన కూడా నాతో నిలబడ్డాడు.

ఫోటోలు తొమ్మిది పంపాను. ఎండ వల్ల నాలుగు సరిగ్గా రాలేదు.

కపిలతీర్థం వీధి
ఆదివారం, సాయంత్రం 6:10

చదువుతుంటే ఏడుపొచ్చింది తమ్ముడూ. ఒక్క మాట అడగనా, తద్దినం సంగతి ఏం చేస్తారు? తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య నాడు పెడతారు. ఆయుధాల వల్ల పోయినవాళ్ళకు ఆ పక్షంలోనే చతుర్దశి చెప్పారు. ఇప్పుడు తేదీ తెలిసింది కాబట్టి పాత పంచాంగం చూస్తే తిథి కూడా వస్తుంది. మాకు తెలిసిన పురోహితులు ఉన్నారు, కపిలతీర్థంలోనే చేయిస్తారు.

రేణిగుంట ప్యాసింజర్
ఆదివారం, సాయంత్రం 6:45

అక్కా, ఎనభై ఏళ్ళ తర్వాత తిథి మార్చొచ్చా? తెలియక అడుగుతున్నా.

కపిలతీర్థం వీధి
ఆదివారం, రాత్రి 7:20

మార్చడం ఏముంది నాయనా, వాళ్ళింట్లో అసలు మొదలే పెట్టలేదు గదా.

పాకాల జంక్షన్
మంగళవారం, రాత్రి 10:30

అక్కా, ఆ పని ముందే జరిగిపోతూ ఉందట. మీరు అడిగాక తిరుత్తణి మామకు ఫోన్ చేశాను. చిన్నవ్వకు ప్రభుత్వం రాసిన ఉత్తరంలో ఇంగ్లీషు తేదీ ఉంది. ఆమె ఏటా ఆ తేదీకే తలస్నానం చేసి, దీపం పెట్టి, ఒక పూట తినేదట. పంతులును పిలవలేదు. ఆమె పోయాక మామ భార్య ఆ దీపం మానలేదు. తిథి చూపించి చెప్తే కపిలతీర్థానికి వాళ్ళు కూడా వస్తామన్నారు. మాకు బియ్యం మీరు తేవద్దు, మేం తెస్తాం అని కూడా చెప్పారు.

నాయనకు నిన్న సాయంత్రం అన్నీ చూపించాను. సింగపూర్ తమ్ముడి ఫోటోల్లో ఒకదాన్ని పెద్దదిగా ప్రింటు తీయించాను. గోడ మీద పేరు చూసి, ‘ఇది మా తాత పేరు గదరా’ అన్నాడు. గుమాస్తా చేసిన పని వివరించాను. నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

తర్వాత ఎయిర్‌మన్ అన్న పంపిన పేజీ ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని ఆ వరుసే చాలాసేపు చూశాడు. ఖాళీ గడి గురించి ఏమైనా అడుగుతాడని నేను టెన్షన్ పడుతున్నా. అడగలేదు. పక్కన ఉన్న రెండో పేరు మీద వేలు పెట్టి, ‘ఈ ముందు సీట్లో అబ్బాయి ఎవరు? వాళ్ళింట్లో వాళ్ళకు తెలుసా?’ అన్నాడు.

అన్నా, ఆయన ఊరు ఏదో ఎలా కనుక్కోవాలి?

ఎయిర్‌మన్ రిటైర్డ్
మంగళవారం, రాత్రి 10:50

ఆ పైలట్‌ది ఆఫీసర్ హోదా అయి ఉంటే పని సులువు. ఆఫీసర్ల నియామకాలు గెజిట్‌లో వేసేవాళ్ళు. వెబ్‌సైట్‌లో అదే తేదీతో వెతుకు, మీ చిన్నాయన పేరుతో పాటు ఆయనదీ రావాలి. కింద తండ్రి పేరు, ఊరు ఉన్నాయేమో చూసి నాకు విడిగా రాయి. కొత్త దారం మొదలుపెడదాం.